కనుమ దిగు బండి

మేము మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలురకు నీతిపాఠము చెప్పుచు, ఒకనాడు "బలవంతుడనగా నెవడు?" అని ప్రశ్నించితిమి. ఒకడు భీముడనెను. ఒకడు ఏనుగనెను. వెనుకబల్లమీద కూర్చుండు చిన్నవాడొకడు, వాని తాత రైల్వేలో పనిచేసినవాడట, లేచి "కొండ యెక్కే గూడ్సు ఇంజనండి" అనెను. తరగతి యంతయు నవ్వెను. మేము మాత్రము వాని జవాబును మెచ్చుకొని, నల్లబల్లపై ఒక వాలుగీత గీచి, దానిమీద బండిని గీచి, ఎక్కువ బరువును ఎక్కువ ఎత్తునకు లాగువాడే బలవంతుడని నిర్ణయించి, గంట కొట్టగానే వెలుపలికి వచ్చితిమి. ఆ నిర్ణయము సగమే నిజమని మాకు తెలియుటకు రెండేండ్లు పట్టినది. ఆ బాలుడప్పటికి పాఠశాల విడిచి పోయెను గనుక, మిగిలిన సగమును వానికి చెప్పు అవకాశము తప్పిపోయినది. దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

బొంబాయినుండి పుణె, షోలాపురముల మీదుగా తూర్పునకు వచ్చు రైలుమార్గము సహ్యాద్రి నెక్కు చోటికి భోర్ ఘాట్ అని పేరు. మనవారికి ఇది పరాయి కనుమ కాదు. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలుమార్గము తెరువబడిన పిదప, బ్రతుకుదెరువు వెదకికొనుచు తెలంగాణమునుండి బొంబాయికి పోయిన నేతపనివారును కూలివారును ఎందఱో ఈ కొండనే దిగి పోయిరి. 1856లో మొదలుపెట్టి 1863లో తెరచిన ఈ యెక్కుడు దాదాపు పదునాఱు మైళ్ళ పొడవు. ఆ పదునాఱు మైళ్ళలో బండి 1831 అడుగుల ఎత్తునకు పోవలెను. మిక్కిలి నిటారుగా నున్న చోట్ల వాలు 1 కి 37. అనగా ముప్పదియేడు అడుగులు సాగునప్పటికి ఒక అడుగు పైకి లేవవలెను. నడచిపోవు మనుష్యునకు ఈ వాలు వాలుగానే తోపదు. మా పాఠశాల మేడమెట్లు ఇంతకంటె ఎన్నోరెట్లు కష్టము. కాని ఇనుపచక్రములపై ఇనుపదారిని పోవు బండికి ఇదియే మేరుపర్వతము.

ఎందువలననగా, చదునునేలపై ఒక టన్ను బరువును పట్టాలమీద కదలించుటకు నాలుగైదు కిలోల లాగుడు చాలును. రైలుబండి గొప్పతనమంతయు ఇందులోనే యున్నది. 1 కి 37 వాలుపై ఆ టన్నుకే మఱి యిరువదియేడు కిలోల లాగుడు చేర్చవలెను. కావున చదునున ఏడు బండ్లను అవలీలగా లాగు ఇంజనునకు ఇచ్చట ఒక్కబండిని లాగుటయే కష్టము. పైగా దాని బరువును అది మోసికొనుచు ఎక్కవలెను.

అట్లయినచో ఇంజనునకు మఱింత పెద్ద బాయిలరును, మఱింత మంటను పెట్టిన చాలదా యని మేమును అనుకొంటిమి. చాలదు. ఇనుపచక్రము ఇనుపపట్టాపై నిలిచి పట్టుకొనుట తన బరువుచేతనే. ఆవిరిచే త్రిప్పబడు చక్రములపై ఎంత బరువున్నదో, అందులో సుమారు నాలుగవవంతు వఱకే ఇంజను లాగగలదు. అంతకు మించి ఎంత ఆవిరి పెట్టినను చక్రము ఉన్నచోటనే గిఱగిఱ తిరుగును గాని బండి కదలదు. వాన పడి పట్టాలు తడిసినచో ఆ నాలుగవవంతును ఉండదు. కావున కొండయెక్కు ఇంజనునకు బలముకంటె ముందు బరువు కావలెను. బరువుండిననే పట్టు, పట్టుండిననే బలము.

కనుమదారులకు సరకుల ఇంజనులను కల్పించిన వారి తెలివియంతయు ఈ ఒక్కమాట చుట్టును తిరిగినది. బరువును ఏ చక్రమును వ్యర్థముగా మోయరాదు; ప్రతి మణుగు బరువును లాగు చక్రముపైననే పడవలెను. భోర్ ఘాటు కొఱకు 1862లో మాంచెస్టరులోని షార్ప్ స్టీవర్టువారు చేసిన ఇంజనులను చూడుడు. చక్రములు చిన్నవి, ఆఱు చక్రములను కడ్డీలతో జతపఱచి ఒక్కటిగా త్రిప్పిరి. మామూలుగా ఇంజను వెనుక వేఱొక బండిలో మోయబడు నీటిని తెచ్చి, గుఱ్ఱమునకు జీను వేసినట్లు బాయిలరు పైననే తొట్టి కట్టి అందులో నింపిరి. నీరు ఇక వెనుక నీడ్చుకొని పోవు భారము కాదు. చక్రమును పట్టాపై అదిమిపట్టు భారము. అయితే ఇందులో ఒక చిక్కున్నది. ఎక్కుచున్నకొలది నీరు ఆవిరియై పోవును, తొట్టి తేలికయగును, తేలికయైన కొలది పట్టు సడలును. భారము తగ్గుటచేతనే జారిపోవుట యనునది మాకు చాల చిత్రముగా తోచినది. సంసారభారము తీఱిన పిదప దారితప్పిన వృద్ధులను మేమిద్దఱు ముగ్గురిని ఎఱుగుదుము. కాని ఆ ముచ్చట వేఱు.

పట్టు చాలనప్పుడు ఇసుక చల్లుదురు. 1881లో తెరచిన డార్జిలింగు కొండరైలున, భోర్ ఘాటుకంటె నిటారైన వాలుపై, ఇంజను ముందరిభాగమున ఇద్దఱు మనుష్యులు కూర్చుండి తమ చేతులతో పట్టాలపై ఇసుక చల్లుచుండెడివారు. హిమాలయమును జయించిన ఆవిరియంత్రము అని పుస్తకములు వ్రాయును గాని, మంచులో తడియుచు పిడికెడు పిడికెడుగా ఇసుక విడుచుచుండిన ఆ ఇద్దఱిని ఎవరును వర్ణింపలేదు.

ఈ విద్యకు పుట్టినిల్లు మాత్రము మన దేశము కాదు, ఆస్ట్రియా. వియన్నాకు దక్షిణముగా సెమ్మరింగ్ అను కనుమపై కార్ల్ ఫన్ గేగా అను స్థపతి 1848లో రైలుమార్గమును కట్ట నారంభించెను. వాలు 1 కి 40. ఆ కనుమను సరకుతో ఎక్కుటకు తగిన ఇంజను అప్పటికింకను సిద్ధముగా లేదు. దారి ముందు, ఇంజను తరువాత! పెద్దలు నవ్విరి. 1851లో ఇరువదివేల డ్యూకాట్ల బహుమానము పెట్టి పోటీ జరిపిరి. నాలుగు ఇంజనులు వచ్చినవి, నాలుగును ఎక్కినవి, బవేరియా అనునది గెలిచినది. కాని చక్రములను జతపఱచిన దాని గొలుసులు అరిగి తెగిపోవుచుండుటచే అదియును నిత్యసేవకు పనికిరాదయ్యెను. పిదప విల్‌హెల్మ్ ఎంగెర్త్ అను నాతడు బొగ్గునీళ్ళ బండి బరువులో కొంత ఇంజను చక్రములపైకి వచ్చునట్లు రెంటిని కీలించి, ఆ దారికి తగిన ఇంజనును కల్పించెను. 1854లో మార్గము తెరువబడినది. తరువాత వచ్చిన ఫెయిర్లీ, మాలె, గారట్ అనువారి ఇంజనులన్నియు, బరువును పట్టుగా మార్చు ఈ ఉపాయమునకు మనుమలు మునిమనుమలే.

ఇంతవఱకు మా బాలుని జవాబే. ఎక్కుటయే బలము.

ఇక దిగుట. ఏ బరువును పట్టుగా చేసికొని ఇంజను కొండయెక్కినదో, ఆ బరువే దిగునప్పుడు వెనుకనుండి త్రోయును. చదునునేలపై ఆవిరిని కట్టివేసిన కొంతసేపటికి బండి తనంతట ఆగును. వాలుపై ఆవిరిని కట్టివేయుట యనగా ఏమియు చేయకుండుటయే. ఆవిరి లేకయే బండి పరుగెత్తును. క్షణక్షణమునకు వేగము హెచ్చును. ఒక మితి దాటిన పిదప ఏ బ్రేకును పనిచేయదు. కావున భోర్ ఘాటు ఇంజనులకు చక్రములను పట్టు బ్రేకులు చాలక, పట్టాలనే అదిమిపట్టు జారుడుదిమ్మెల బ్రేకులను కూడ అమర్చిరి. సరకుల బండిలో నడుమ నడుమ బ్రేకుబండ్లుండి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్కడు మఱచక్రము త్రిప్పుచు కూర్చుండెడివాడు. 1860 ప్రాంతములందు ఫ్రెంచి ఇంజనీరు లె షాతెలియే మఱియొక యుక్తి కనిపెట్టెను. దిగుచున్న ఇంజను యొక్క ముషలకములను వ్యతిరేకదిశకు మరల్చి, లాగవలసిన యంత్రముచేతనే నిలువరింపజేయుట. తన బలమును తనపైననే ప్రయోగించుకొనుట. ఎక్కుటకు అక్కఱలేని నేర్పు దీనికి కావలెను.

నీలగిరి రైలున ఇంజను ఎప్పుడును పల్లపువైపుననే యుండును. ఎక్కునప్పుడు వెనుకనుండి త్రోయును, దిగునప్పుడు ముందు నిలిచి ఆపును. కొక్కెము తెగినను బండ్లు పల్లమునకు పరుగెత్తకుండుటకై ఈ యేర్పాటు. ఇది లేనిచోట నేమగునో 1889 జూన్ నెలలో ఐర్లండులోని అర్మా యొద్ద తెలిసినది. పిల్లలతో నిండిన విహారపు రైలును ఇంజను వాలుపై లాగలేకపోగా, బండ్లను రెండుగా విడదీసిరి. ఆ బండ్ల బ్రేకులు ఇంజనునుండి వచ్చు పీల్పుచేత పనిచేయునవి. ఇంజనుతో సంబంధము తెగగానే అవి వ్యర్థములైనవి. విడిచిన పది బండ్లును వెనుకకు దొర్లి, వచ్చుచున్న మఱియొక రైలుపై పడెను. ఎనుబదిమంది వఱకు చనిపోయిరి. వారిలో అనేకులు పిల్లలు. ఆ యేడే బ్రిటిషు పార్లమెంటు శాసనము చేసినది. ఆ శాసనము కోరిన బ్రేకు తీరు వేఱు. పని చేసినచో ఆపునది కాదు. పని చెడినచో ఆపునది. గొట్టము తెగినచో బండి ఆగవలెను. బండిని నడుపుటకే యత్నము కావలెను, ఆపుటకు కాదు.

భోర్ ఘాటున మొదట బండి దిశ మార్చుకొను స్టేషను ఒకటి కొండకొమ్మున నుండెను. అచ్చట బండి ఆగి, ఇంజను ఆ చివరినుండి ఈ చివరికి మాఱి, వచ్చిన దిక్కునకు విరుద్ధముగా పోవలెను. ఆగి తీఱవలెను, ఆగకున్న ఎదుట లోయ. 1869 జనవరిలో దిగుచున్న తపాలాబండి యొకటి అచ్చట ఆగలేదు. ఆ స్టేషను 1929లో కొత్తమార్గము వచ్చువఱకు ఉండెను. ఆ ప్రాంతముననే కనుమలో విద్యుత్తు ఇంజనులు ప్రవేశించి, ఆవిరి ఇంజనులకు అచ్చటి పని తీఱినది. కాని ఇంజను మాఱినను కొండ మాఱలేదు. కొండ నేర్పిన నియమమును మాఱలేదు. ఆ నియమమును మేము కన్నులార చూచితిమి.

మా పూర్వవిద్యార్థి యొకని వివాహమునకు షోలాపురము పోయి, అటనుండి ముంబయికి రైలున పోవుచుంటిమి. లోణావ్‌ళా దాటిన పిదప బండి కొంతదూరము దిగి, స్టేషను లేని చోట అడవి నడుమ ఆగెను. ఎవరును ఎక్కలేదు, దిగలేదు. మఱల కదలెను, మఱికొంత దిగి మఱల ఆగెను. మాకు ముంబయిలో మధ్యాహ్నమునకు పని యున్నది. "ఈ రైల్వేవారికి ప్రయాణికుల కాలముతో పని లేదుగదా" అని మేము విసుగుకొంటిమి. ఎదుటి పీటమీద తెల్లని టోపీ పెట్టుకొన్న ముదుసలి యొకడు, షోలాపురపు తెలుగువాడు, నవ్వి ఇట్లనెను: "ఊకె ఆగలే సారూ. ఆగగలమని చూపిచ్చుకోవాలె. చూపిచ్చుకుంటెనే ముందుకు తొవ్వ ఇస్తరు."

ఆయన ఆ కనుమలో చాలకాలము సరకుల బండ్లకు ఇంజను తోలి విశ్రాంతి పొందినవాడట. కిటికీనుండి వ్రేలు చూపి మాకు తెలియజెప్పెను. ప్రధానమార్గము ప్రక్కనుండి ఒక పట్టాలజంట చీలి, కొండవైపునకు ఎగువాలుగా పోయి, ఎచ్చటికిని చేరక ముగిసినది. దానికి క్యాచ్ సైడింగు అని పేరు. మేము విన్న చిత్రమేమనగా, దారి మార్చు ముళ్ళు ఎల్లప్పుడు ఆ చచ్చుదారికే పెట్టియుండును. ముంబయి దారి మూసియుండును. వచ్చిన ప్రతి బండియు అచ్చట పూర్తిగా ఆగవలెను. ఆగినచో, ఈ డ్రైవరు చేతిలో బండి యున్నదని రుజువైనట్లు. అప్పుడే ముళ్ళు మార్చి దారి యిత్తురు. ఆగలేని బండి తిన్నగా చచ్చుదారి పట్టి, కొండ యెక్కుచు ఎక్కుచు, తన్ను తఱిమిన బరువే తన్ను వెనుకకు లాగగా నిలిచిపోవును.

"ముప్పదియేండ్లు తోలినవారిని కూడ ఇట్లు పరీక్షింతురా?" అని అడిగితిమి. మాకది అవమానముగా తోచినది. ఆయనకు మా ప్రశ్నయే అర్థము కాలేదు. "బండి నా ముప్పై యేండ్లు సూస్తదా సారూ?" అని, తన కూతురు కట్టి పంపిన జొన్నరొట్టె మూట విప్పుకొనెను.

ఆ మాట మమ్ము అంతగా గ్రుచ్చుకొనుటకు కారణమున్నది. దానిని చెప్పక ఈ వ్యాసము వ్రాయుట న్యాయము కాదు.

మా పాఠశాలలో బీదవిద్యార్థులకు పుస్తకములును పరీక్షరుసుమును ఇచ్చుటకై ఉపాధ్యాయులమును పూర్వవిద్యార్థులును కలిసి కూడబెట్టిన నిధి యొకటి కలదు. ఆఱేండ్లుగా అది మా పేరిటనే బ్యాంకులో నుండెను. ఒక సమావేశమున మా లెక్కల మాస్టారు, మాకంటె వయసున చిన్నవాడు, లేచి, "మాస్టారూ, మీరని కాదండీ. ఎవరి చేతిలో ఉన్నా నెలకోసారి పాసుపుస్తకం అందరికీ చూపిస్తే బాగుంటుందని" అనెను. మేము మాటాడలేదు. మాటాడనవసరము లేకపోయెను, తక్కినవారందఱును మా పక్షమున లేచిరి. ఆయనను లెక్కలడుగుటయా, అంతటి మనిషిని అనుమానించుటయా యనిరి. లెక్కల మాస్టారు కూర్చుండెను. ఆనాటినుండి కొంతకాలము మేము ఆయనతో ముక్తసరిగా మాటాడితిమి. ఇదియు దాచరాని మాటయే.

ఆ సంవత్సరమే చలికాలమున మా చిన్నకుమార్తెకు జ్వరము ముదిరి పట్టణమున ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చెను. జీతము రావలసిన తేది ఇంకను ఎనిమిది దినములున్నది. అప్పడుగుటకు మొగము చెల్లలేదు. నిధినుండి పదునెనిమిదివేల రూపాయలు తీసితిమి. ఎనిమిదవనాడు తిరిగి వేసితిమి. ఒక్క రూపాయి తగ్గలేదు. బిడ్డ బ్రతికినది. ఎవరికిని తెలియలేదు. కాని ఆ ఎనిమిది దినముల నడుమ పదవ తరగతి బాలుడొకడు పరీక్షరుసుము కొఱకు వచ్చెను. నిధిలో మిగిలినది వానికి చాలదు. "సోమవారము రా" అంటిమి. సోమవారము వచ్చెను. "ఎల్లుండి రా" అంటిమి. వాని యూరు మా పాఠశాలకు ఏడు కిలోమీటర్లు. మూడవమాఱు వాడు రాలేదు; గడువు దాటునని వాని తండ్రి వడ్డీకి తెచ్చి కట్టెను. ఈ సంగతి మాకు నెల గడచిన పిదప ఆ బాలుని నోటనే తెలిసినది. వాడు దానిని ఫిర్యాదుగా చెప్పలేదు. మాటలలో మాటగా చెప్పెను.

ఇచ్చట మా విద్య మాకేమి చెప్పినదో విచారించితిమి. కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గములుగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను చెప్పినది. గుఱ్ఱములు పెంకివైనచో రథము దారి తప్పును. ఈ ఉపమానము గొప్పది. మేము పదునెనిమిదేండ్లుగా దీనిని బోధించుచున్నాము. కాని ఆ రథమున సరకు లేదు. దానిలో ఒక్క రథికుడే కూర్చుండియున్నాడు. గృహస్థుడు సరకుల బండి. వానిని వాలున త్రోయునది ఎల్లప్పుడు పెంకిగుఱ్ఱము కాదు. తాను మోయుచున్న సరకే. ఆ సరకులో చెడ్డదేమియు లేదు. బియ్యము, పత్తి, బిడ్డ జ్వరము, తల్లి మందులు, ఇంటిగౌరవము. మేము ఆ సొమ్మును దుర్వ్యసనమునకై తీసియుండినచో మా మనస్సే మాకు అడ్డుపడియుండును. ఆ గుఱ్ఱమును పట్టుటకు మాకు అభ్యాసము కలదు. వాత్సల్యము త్రోసినప్పుడు ఆ త్రోపు త్రోపుగానే తెలియలేదు. ధర్మమే నడపుచున్నట్లుండెను. మమ్ము సంసారమున నిలిపి, జారకుండ పట్టి, ఇన్నేండ్లు కొండ యెక్కించిన భారమును ఆ ప్రేమయే.

అరిస్టాటిలు నీతిశాస్త్రమున రెండు తెఱగుల మనుష్యులను వేఱుచేసి చెప్పినాడు. ఒకడు చెడుకోరిక పుట్టినను దానిని బిగబట్టి నిలుచువాడు. మఱియొకడు అట్టి కోరికయే పుట్టనివాడు. రెండవవాడే ఉత్తముడని ఆయన మతము. చదువుకొన్న దినములలో మేమును ఒప్పుకొంటిమి. కనుమను చూచిన పిదప మాకు సందేహము కలుగుచున్నది. త్రోపు పుట్టని బండి యొకటే యున్నది: అది ఖాళీబండి. సరకున్నంతకాలము త్రోపు తప్పదు. సరకు వద్దనుకొన్నవాడు సన్న్యసింపవచ్చును. ఆతని మాట వేఱు. తక్కినవారికి బిగబట్టుటయే ఉత్తమగుణము. అది చాలనిచోట చచ్చుదారియే శరణ్యము.

మా మిత్రుడొకడు, పండితుడు, దీనిని విని ఆక్షేపించెను. కాపలా యున్నచోట ధర్మమెట్లు పెరుగును? నమ్మినవానిని నమ్మకమే మంచివానిని చేయును. అనుమానము మంచివానిని సైతము చెఱచును గదా యని. ఇది తోసివేయదగిన మాట కాదు. ఇంటికోడలి చేతినుండి ప్రతిదినము బియ్యపుడబ్బాకు లెక్క అడుగు అత్తగారిని మేమెఱుగుదుము. ఆ ఇంట ధర్మము పెరుగలేదు, దొంగతనము పెరిగినది. చదునునేలపై ప్రతి మైలునను బండిని ఆపినచో సరకు ఊరు చేరదు. కాని కనుమ నియమమును ఆ అత్తగారి తాళపుచేతిని ఒక్కటిగా చూడరాదు. అత్తగారి అనుమానము ఒక్క మనిషిపైననే. కనుమలో తపాలాబండియు ఆగవలెను, బొగ్గుబండియు ఆగవలెను. ముప్పదియేండ్లవాడును ఆగవలెను, నిన్న చేరినవాడును ఆగవలెను. అందఱును ఆగుచోట ఎవనికిని అవమానము లేదు. ఒక్కని మర్యాదకొఱకు దానిని సడలించితిమా, ఆ నిమిషమునుండి మిగిలినవారందఱికిని అది అవమానమగును. మా సహోద్యోగులు మాకు చేసిన మర్యాద అట్టిది. అదియును గాక, ఆపునది చచ్చుదారి కాదు, డ్రైవరే. చచ్చుదారి ఆపలేనివానిని చంపకుండ పట్టుకొనునది మాత్రమే.

ఈ నియమమును కట్టినవారికే ఇది లేకపోవుట మఱియొక విచిత్రము. భోర్ ఘాటును కట్టించిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీకి, లాభము వచ్చినను రాకున్నను పెట్టుబడిపై నూటికి ఐదువంతుల వడ్డీ మన దేశపు రాబడినుండి ముట్టునట్లు 1849లోనే ఒడంబడిక జరిగెను. ఎంత వ్యయమైనను అడుగువాడు లేడు. 1861లో ఆ కొండపై ఒకేసారి నలుబదిరెండువేల కూలివారు పనిచేసిరి. కలరా వచ్చినప్పుడు పిట్టలవలె రాలిపోయిరి, పని నిలువలేదు. మొదటి గుత్తదారు వదలుకొని పోయెను. 1859లో వచ్చిన రెండవ గుత్తదారు సాలమన్ ట్రెడ్‌వెల్ కొన్ని వారములలోనే మరణింపగా, ఆయన భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ ఆ గుత్తను తానే వహించి పని ముగింపజేసెను. ఈ మాట మన యింటి స్త్రీలు తెలిసికొనదగినది. ముఖ్య ఇంజనీరు జేమ్సు బర్క్‌లీ, మార్గము తెరువక ముందే, 1862లో చనిపోయెను. తెరచిన నాలుగేండ్లకే, 1867లో, మావ్-కి-మల్లి యను లోయపై కట్టిన పెద్దవంతెన కూలిపోయినది. డ్రైవరును మైలుమైలునకు ఆపి పరీక్షించు కంపెనీ, తన త్వరను ఆపి పరీక్షించుకొనుటకు ఒక్క ముల్లును పెట్టుకొనలేదు. చచ్చిన కూలివారి పేరులను మేమే పుస్తకమునను చూడలేదు.

మాకు కంపెనీతో పోలిక పెద్దదగును. అయినను పదునెనిమిదివేలకు మేమును అట్టివారమే. మమ్మును ఎవరు నడుగలేదు.

షోలాపురమునుండి వచ్చిన మఱుసటి నెలలో, నిధి పాసుపుస్తకమును ప్రతినెల మొదటి శనివారము ఉపాధ్యాయుల గదిలో బల్లపై పెట్టవలెనని మేమే ప్రతిపాదించితిమి. అందఱును మా ఉదారబుద్ధిని మెచ్చుకొనిరి. లెక్కల మాస్టారు ఏమియు అనలేదు. సంతకము చేసి తన తరగతికి పోయెను. పాత పాసుపుస్తకము మాత్రము మా పెట్టెలోనే యున్నది. ఎనిమిది దినముల యెడముతో రెండు పద్దులు అందులో నున్నవి. ఆ బాలుని తండ్రి కట్టిన వడ్డీ ఎంతయో కనుగొని, మొన్న వారి యూరికి పోయి ఇచ్చి వచ్చితిమి; ఎందుకిచ్చుచున్నామో ఆయన అడుగగా, తిన్నగా చెప్పితిమి. ఆయన చాలసేపు ఊరకుండి, మంచినీళ్ళు తెప్పించెను.

లెక్కల మాస్టారికి ఇంకను చెప్పలేదు. ఆయన ఈ పత్రికకు చందాదారు.